మా గుర్రం నెత్తురు

మా ఇంట్లో నెత్తురు గురించి మాట్లాడని రోజు ఉండేది కాదు. పెళ్లి సంబంధం వస్తే నెత్తురు, పాలివాళ్లతో తగాదా వస్తే నెత్తురు, నేను బడిలో లెక్కల పరీక్ష తప్పినా నెత్తురే. "మన నెత్తురుల లెక్కలు లెవ్వురా, లెక్కలు రాసెటోళ్లను మనం పెట్టుకుంటిమి" అని మా చిన్నాయన అప్పట్లో నన్ను ఓదార్చాడు. అయితే నెత్తురును గాజుగొట్టంలో పోసి, వెలుతురుకు ఎత్తిపట్టి, అటూ ఇటూ వంచి చూసిన మనిషి మాత్రం మా గడికి డెబ్బైల మొదట్లోనే వచ్చాడు. అప్పుడు కూడా చూసింది మా నెత్తురు కాదు, మా గుర్రానిది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే బొంబాయి రోడ్డు వదిలి పాశమైలారం వైపు మళ్లితే మా ఊరు వచ్చేది. ఊరికి ఎదురుగా కాస్త ఎత్తు మీద మా గడి. ఒకప్పుడు మా గుర్రపుసాలలో వరసగా గుర్రాలుండేవని చెబుతారు. జాగీరు పోయాక సాల మిగిలింది, గుర్రాలు తగ్గాయి. కౌలుదార్ల చట్టం వచ్చాక సాలకు పైకప్పు కూడా తగ్గింది. నేను పెద్దవాణ్ణయ్యేసరికి అందులో ఒక ఎర్రమట్టి రంగు ఆడగుర్రం, దాన్ని కడిగి మేపి జీను వేసే ముసలి సాయీసు మాత్రమే మిగిలారు. సాయీసు మమ్మల్ని వదలకుండా ఉండటం విధేయత అని మా నాయన అనుకునేవాడు. చుట్టుపక్కల ఇంకెక్కడా గుర్రం లేకపోవడం అని నేను అనుకునేవాణ్ణి.

నాయన రోజూ సాయంత్రం ఆ గుర్రమెక్కి పొలాలు చూసివచ్చేవాడు. ఆ పొలాలు మావి కాకుండా పోయి చాలాకాలమైంది. కొన్ని కౌలుదార్ల పేరు మీదికి, కొన్ని ఫ్యాక్టరీల పేరు మీదికి మారాయి. ఆ సంగతి నాయనకు నేల మీద ఉన్నప్పుడు తెలుసు, గుర్రం మీద ఉన్నప్పుడు తెలియదు. ఫ్యాక్టరీ కడుతున్న చోట కొత్తగా వచ్చిన ఉత్తరాది వాచ్‌మన్లు గుర్రం మీద వచ్చే మనిషిని చూసి, హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషేమోనని సెల్యూట్ కొట్టేవారు. ఫ్యాక్టరీవాళ్లు తన హక్కును ఒప్పుకున్నట్టే నాయన దాన్ని తీసుకునేవాడు. ఒకరోజు ఒక ఇంజనీరు బయటికి వచ్చి, పచ్చి సిమెంటు మీదికి గుర్రాన్ని తేవద్దని బతిమాలాడు. నాయన అతనికి పునాది ఎంత లోతు తవ్వాలో చాలాసేపు వివరించాడు. ఆయన వివరిస్తున్నంతసేపూ గుర్రం కింద దొరికింది మేసింది.

అలాంటి సాయంత్రాలు చాలానే గడిచాక, ఒక పొద్దున గుర్రం మేత ముట్టలేదు. ముందుకాలితో నేల గీరింది. మెడ తిప్పి తన డొక్క వైపు తానే చూసుకుంది. పడుకుని పొర్లింది, లేచింది, మళ్లీ పొర్లింది. ఒళ్లంతా చెమట పట్టింది. సాయీసు వాము, ఇంగువ, ఆముదం కలిపి కొమ్ముగొట్టంతో తాగించాడు. అందులో సగం అతని చొక్కా మీదే పడింది. చిన్నాయన దిష్టి తీయించాడు. ఫ్యాక్టరీ గుమాస్తాల కళ్లు మంచివి కావని ఆయన నమ్మకం.

మధ్యాహ్నానికి నాయన నన్ను పటాన్‌చెరు పశువుల దవాఖానకు పంపాడు. అక్కడి డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. ప్రభుత్వ ఫ్యాక్టరీ కాలనీలో వాళ్ల అన్న ఇంట్లో ఉంటూ, కాలనీవాళ్ల గేదెలకు వైద్యం చేసేవాడు. నా వెంటే స్కూటరు మీద వచ్చాడు. వస్తూనే చొక్కా విప్పి, చేతికి సబ్బు రాసుకుని, గుర్రం వెనుక నుంచి భుజం దాకా చెయ్యి లోపల పెట్టి కళ్లు మూసుకున్నాడు.

నాయన మొహం తిప్పుకున్నాడు. "డాక్టర్ సాబ్, పైన కిటికీలకెల్లి ఆడోళ్లు సూస్తుర్రు."

"చూడనివ్వండి దొరగారూ. గుర్రానికి లేని సిగ్గు మనకెందుకండీ," అన్నాడు డాక్టరు, కళ్లు తెరవకుండానే. "పేగులో ఉండ తగులుతోంది. గట్టిగా, పిల్లలాడే బంతంత ఉంది. అది ఇటు రాదు, అటు పోదు. కడుపు కోసి తియ్యాలండి."

"గుర్రం కడుపు కోస్తరా?" అన్నాడు చిన్నాయన. "గైర్ ముల్కీ డాక్టర్లు మనుషుల కడుపులు కొడుతుర్రంటే విన్న. గుర్రాల కడుపులు గూడనా?" స్థానికులు కాని ఉద్యోగుల మీద ముల్కీ గొడవలు ఇంకా చల్లారని కాలం అది. ఆ మాట తనను కానట్టే డాక్టరు చెయ్యి కడుక్కున్నాడు.

"కొయ్యకపోతే ఏమైతది?" అన్నాడు నాయన.

"రేపటికి ఉండదండి. కోస్తే ఉండొచ్చు. పేగు కుట్టెయ్యొచ్చు. ఆ తర్వాత పేచీ అంతా నెత్తురుతోనండి."

నాయన నడుం ఇంకా నిటారుగా అయింది. "మా గుర్రం నెత్తురుకు ఏం తక్కువ? దీని అమ్మమ్మను మాలెగాం జాతరల మా తండ్రి స్వయంగ ఏరుకున్నడు."

"తక్కువని కాదండీ. ఎక్కువై కూర్చుంటుంది." డాక్టరు చెయ్యి తుడుచుకుంటూ సాల గడప మీద కూర్చున్నాడు. ఆ గడప మీద మా ముందు అలా ఎవరూ కూర్చోలేదు. "చూడండి, ఊళ్లో దొంగలు పడ్డారంటే అందరూ కర్రలు పట్టుకుని బయటికి వస్తారు కదా. కడుపు కోసినప్పుడు నెత్తురుకు అదే గాభరా. గాయం మూసెయ్యాలని గడ్డకట్టే గుణం అమాంతం పెంచుకుంటుంది. గాయం దగ్గర కడితే మంచిదే. కానీ కర్రలు పట్టుకున్నవాళ్లు ఊరుకోరుగా, దొంగ దొరక్కపోతే దారినపోయేవాణ్ణి కొడతారు. అలాగే ఏ నరంలో కాస్త గీరుకున్నా అక్కడ గడ్డ కట్టేస్తుంది. ఆ దారి మూసుకుపోతుంది."

"మా ఊళ్లె దొంగలు పడరు," అన్నాడు నాయన.

"ఇంకోటి కూడా ఉందండి. గడ్డకట్టే సరుకంతా అక్కర్లేని చోట ఖర్చయిపోతే, అక్కరున్న చోటికి మిగలదు. అప్పుడు కుట్ల దగ్గర కారడం మొదలెడితే ఆగదు. గుర్రాల్లో ఈ తంతు మరీ ఎక్కువ. ఇదంతా పుస్తకాల్లో ఇంకా సరిగ్గా రాయలేదు. మా మాస్టారు దగ్గర చూసింది చెబుతున్నా."

మా తాత జాగీరు ఖర్చుపెట్టిన తీరు గుర్తొచ్చి నేను నేల చూశాను. తల ఎత్తేసరికి నాయన కూడా నేలే చూస్తున్నాడు. ఆయనకేం గుర్తొచ్చిందో నేను అడగలేదు.

కోయడం డాక్టరు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. పట్నంలో పశువైద్య కళాశాలలో ఉన్న ఆయన మాస్టారు రావాలి. దానికి ఫోన్ చెయ్యాలి. దగ్గరలో ఫోనున్నది ఫ్యాక్టరీలోనే.

"అడుక్కోకు," అన్నాడు నాయన నాతో. "ఫోన్ వాడుకుంటున్నమని చెప్పు."

ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమాఫీసులో గుమాస్తా ఉన్నాడు. ఫోన్ వాడుకుంటున్నామని నేను చెప్పాను. ఎవరు పోయారండీ అని అతను లేచి నిలబడ్డాడు. ఎవరూ పోలేదని, గుర్రానికి ఆపరేషనని చెప్పాను. అక్కడున్నవాళ్లంతా పని ఆపారు.

"ఏ రేసులో పరిగెత్తిందండీ మీ గుర్రం?" అన్నాడు గుమాస్తా. అతనికి మలక్‌పేట రేసుల పిచ్చి ఉందని అతని కళ్లలోనే తెలిసింది.

"మా గుర్రం ఇతరుల కోసం పరిగెత్తదు," అన్నాను.

అతను చాలా గౌరవంగా ఫోన్ నా వైపు జరిపాడు. ఆ ఫ్యాక్టరీ లేచింది మా మెట్ట చెలక మీద. అందులో మాకు దక్కిన మొదటి మర్యాద ఆ ఫోనే.

మాస్టారు ఇద్దరు శిష్యులతో, ఒక పెట్టెడు సామానుతో జీపులో దిగేసరికి చిన్నాయన ముందు వాకిట్లో పాత దర్బారు జంపఖానా పరిపించాడు. మా ఇంటి గుర్రం వట్టి గడ్డి మీద పడుకుని కోయించుకోకూడదని ఆయన పట్టుదల. మాస్టారు జంపఖానా అంచును బూటుతో ఒకసారి తట్టాడు. లేచిన దుమ్ములో మా ముగ్గురి మొహాలూ కాసేపు కనిపించలేదు.

"దీన్ని తీసెయ్యండి," అన్నాడాయన. "కోతతో బతికినా దీంతో చస్తుంది."

ఎండుగడ్డి పరిచి, దాని మీద ఉడకబెట్టి ఆరేసిన దుప్పట్లు పరిచారు. మత్తుమందు సీసా పైకెత్తి పట్టుకుని, గొట్టం సూదిని గుర్రం మెడ కుడివైపు పెద్ద నరంలో గుచ్చారు. గుర్రం కాళ్లు మడిచి మెల్లగా ఒరిగింది. సాయీసు దాని చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత జరిగింది నేను చూశానని చెప్పుకోను. నేను దాని తల దగ్గర నిలబడ్డాను, తోక వైపు చూడలేదు. చిన్నాయన అంతకంటే దూరంగా, గడి బురుజు దగ్గర నిలబడి పర్యవేక్షించాడు.

ఉండ బయటికి వచ్చింది. దాని పైన పేడ, లోపలంతా దారాలు. ఫ్యాక్టరీ యంత్రాల పెట్టెలకు కట్టి వచ్చే పచ్చ నైలాను పురికొస, గోనెపీచు, నీలం రంగు ప్లాస్టిక్ ముక్కలు.

"మా గుర్రం చెత్త తినదు," అన్నాడు నాయన.

"తిన్నదండీ," అన్నాడు డాక్టరు.

"ఎవరో పెట్టి ఉంటరు."

మాస్టారు కుట్లు వేస్తున్నాడు.

సాయంత్రానికి గుర్రం వణుకుతూ లేచి నిలబడింది. మాస్టారు జీపు వెళ్లిపోయింది. డాక్టరు ఉండిపోయి, గుర్రం నెత్తురు కొంచెం గాజుగొట్టంలోకి తీసి, ఎత్తిపట్టి వంచుతూ చూశాడు. గుర్రం నెత్తురు మామూలుగా నిదానంగా గడ్డకడుతుందట. ఇది మాత్రం మేము చూస్తుండగానే గొట్టం గోడకు అంటుకుపోయింది.

నాయన మొహంలో ఆ రోజు మొదటిసారి వెలుగు వచ్చింది. "సూసినవా? ఎంత జల్దీ గట్టిపడ్డదో. ఖాందాన్ అంటే గది."

"అదే నా భయమండీ," అన్నాడు డాక్టరు. "మెడ కుడివైపు నరం లోపల మందుకీ సూదికీ ఒరుసుకుపోయి ఉంటుంది. నెత్తురు ఇప్పుడు ఈ వేడి మీద ఉంది. ఈ మెడకు ఏదీ తగలకూడదు, నొక్కకూడదు. తాడు తీసెయ్యండి, కంఠపట్టీ తీసెయ్యండి. బోసిమెడతోనే ఉండాలి."

సాయీసు తాడు తీశాడు, పట్టీ తీశాడు, చివరికి దాని మెడకున్న తాయెత్తు కూడా విప్పి తన మెడలో కట్టుకున్నాడు.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. మా వైపు ఎవరైనా మంచాన పడితే చూసి రాకపోవడం తప్పు. మా ఇంట్లో మనుషులకు జబ్బు చేసినప్పుడు అంతమంది రాలేదు. గుర్రానికి కడుపు కోశారంటే మాత్రం ఊరూ కాలనీ కదిలాయి. కాలనీ నుంచి కోస్తా ఆడవాళ్లు గ్లూకోజు పొట్లాలు, అరటిపళ్లు తెచ్చారు. "మా ఊళ్లో మనిషికి ఆపరేషనంటేనే బస్సెక్కాలండీ. మీ గుర్రం పెట్టిపుట్టింది" అని ఒకావిడ మా అమ్మతో అంది. మిషన్ బడి పంతులమ్మ నడిచి వచ్చి, ప్రార్థన చెయ్యొచ్చా అని అడిగింది.

"గుర్రానికి గూడ చేస్తరా అమ్మా?" అన్నాడు నాయన.

"దాన్ని గూడ దేవుడే చేసిండు కద దొరా."

నాయన తలూపాడు. "చెయ్యుర్రి. మా ఖాందాన్ పేరు గూడ జెర చెప్పుర్రి."

మా గుర్రానికి వెండి పేట ఒకటి ఉండేది. నాలుగు వరసల బిళ్లల హారం, మధ్యలో అరచేయంత పతకం. పాత ప్రభువుల కాలంలో మా తాతకు దక్కిన గౌరవం. హోదా ఉన్న మనిషి గడికి వస్తే గుర్రం ఆ పేట వేసుకుని కనిపించాలి. అది మా ఇంటి రివాజు. ఆ రివాజు చిన్నాయన చేతిలో ఉండేది. జాగీరు పోయాక ఆయన చేతిలో మిగిలింది అదొక్కటే. కొత్త కాలంలో ఎవరికి హోదా ఉందో చెప్పడం కష్టం కాబట్టి, ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. జీపులో వచ్చినవాళ్లకు పేట. సైకిల్ మీద వచ్చినవాళ్లకు, నడిచి వచ్చినవాళ్లకు బోసిమెడ. స్కూటరు మీద వచ్చే డాక్టరును ఏ వరసలో వెయ్యాలో తేలక, ఆయన వచ్చినప్పుడల్లా చిన్నాయన లోపలికి వెళ్లిపోయేవాడు.

మెడకు ఏదీ తగలకూడదన్న మాట మేమంతా విన్నవాళ్లమే. తాడు, పట్టీ, తాయెత్తు, అన్నీ తీశాం. పేట మాత్రం ఆ లెక్కలోకి వస్తుందని ఎవరికీ తోచలేదు. తాడు వేసేది పశువుకు, పేట వేసేది గౌరవానికి. డాక్టరు చెప్పింది వైద్యం, ఇది మర్యాద. ఆ రెండూ ఒకే మెడ మీదికి వస్తాయని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒకప్పుడు మా ఊరికి జీపు ఏడాదికోసారి వచ్చేది. ఇప్పుడు ఫ్యాక్టరీల వల్ల వీధికొకటి తిరుగుతోంది. ఫ్యాక్టరీ మేనేజరు, సిమెంటు కాంట్రాక్టరు, కరెంటాఫీసు పెద్ద, బ్యాంకువాళ్లు, అందరూ జీపుల్లోనే. అందరూ దారిలో ఆగి గుర్రాన్ని చూసిపోయేవారు. వాళ్లు వచ్చినప్పుడల్లా పేట పడేది. వాళ్లు వెళ్లాక కూడా, ఇంకో జీపు వస్తుందేమోనని, కాసేపు అలాగే ఉండేది. పంతులమ్మ లాంటివాళ్లే ఊరంతా ఉండి ఉంటే మా గుర్రానికి ఏ ప్రమాదమూ వచ్చేది కాదు.

కుట్లు చూడటానికి డాక్టరు వచ్చేసరికి గుర్రం కుడి చెంప ఉబ్బి ఉంది. కన్ను సగం మూసుకుపోయింది. ఆయన మెడ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. నన్ను దగ్గరికి పిలిచి నా వేళ్లు అక్కడ పెట్టించాడు. చర్మం కింద నరం తడిసిన మోకులా బిగుసుకుపోయి ఉంది.

"గడ్డకట్టేసింది," అన్నాడు. "సూది పుండు మీద ఏదో ఒత్తిడి పడింది. ఏం కట్టారు?"

"ఖుదా కసం, నేనైతే ఏం కట్టలేదు సాబ్," అన్నాడు సాయీసు. అది నిజమే.

"ఎవరూ ఏమీ కట్టలేదు," అన్నాడు నాయన. ఆయన కూడా అబద్ధమాడానని అనుకోలేదు.

అంతలో బయట జీపు హారన్ వినిపించింది. ఆ వెంటనే చిన్నాయన రెండు చేతులా వెండి పేట పట్టుకుని, వేగంగా, కానీ మర్యాద చెడకుండా సాలలోకి వచ్చాడు. డాక్టరును చూసి కూడా ఆగలేదు. "జెర పక్కకు జరుగుర్రి. మేనేజర్ సాబ్ వచ్చిండు" అన్నాడు.

డాక్టరు ఆ పేట చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. పేట ముడి మెడ కుడివైపు ఎక్కడ పడుతుందో చూశాడు. సూది గుచ్చిన చోటికి అది సరిగ్గా సరిపోయింది.

"రోజుకి ఎన్నిసార్లు వేస్తారండీ దీన్ని?"

"వచ్చెటోళ్లను బట్టి," అన్నాడు చిన్నాయన.

డాక్టరు కోప్పడతాడనుకున్నాను. ఆయన పేటను గోడ మేకుకు తగిలించి, నాయన వైపు తిరిగి, మెల్లగా మాట్లాడాడు. "దొరగారూ, తల నుంచి నెత్తురు దిగడానికి మెడలో ఇటొకటి, అటొకటి పెద్ద దార్లు. ఇటుది పోయింది. ఇంక రాదు. అటుది ఉంది. దాని మీద కూడా ఒత్తిడి పడితే తల ఉబ్బి ఊపిరాడదు. అప్పుడు నేను వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

నాయన గుర్రం మొహం వైపు చూశాడు. అది ఉబ్బి, ఒకవైపు ఎవరిదో వేరే గుర్రం మొహంలా ఉంది.

"ఏం చెయ్యాలె?" అన్నాడు. ఆ రెండు మాటలు ఆయన నోటి నుంచి నేను అంతకుముందు వినలేదు. అప్పటిదాకా ఆయన ఏం చెయ్యాలో చెప్పేవాడే.

వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టాలి. సూదులన్నీ ఇక కండకే. అన్నిటికంటే ముఖ్యం, తల కిందికి వంచకూడదు. తల పైకి ఉంటే వాపు దిగుతుంది, చిన్న చిన్న నరాలు మెల్లగా దారి చేసుకుంటాయి. కాబట్టి మేత ఎత్తులో పెట్టాలి, ఆ ఎత్తు కదలకూడదు.

మేము పెట్టె మీద పెట్టె వేశాం, గుర్రం దాన్ని తోసేసింది. సాయీసు తొట్టి భుజం మీద పెట్టుకుని నిలబడ్డాడు, అతని కాళ్లు వణికి తవుడంతా ఒలికింది. గోడ మీద పెడితే మరీ ఎత్తైంది. గుర్రం ప్రయత్నించి, విసిగి, తల వేలాడేసింది. వేలాడేసిన ప్రతిసారీ చెంప ఇంకాస్త ఉబ్బింది. సాయీసు ఒలికిన తవుడు ఎత్తుతూ అన్నాడు, "దొరా, మాఫ్ చెయ్యుర్రి. సరిగ్గ దీని ఎత్తున్న జాగ గడి మొత్తంల ఒక్కటే ఉన్నది."

మాకందరికీ తెలుసు ఏదో. ముందు వసారాలో రాతి గద్దె. మా ముత్తాతలు దాని మీద కూర్చుని పంచాయితీలు చెప్పేవారు. పంచాయితీ చెప్పించుకునేవాళ్లు లేకపోయినా నాయన రోజూ పొద్దున తలపాగా చుట్టుకుని వెళ్లి దాని మీద కూర్చునేవాడు. ఊళ్లోవాళ్లు కిందినుంచి పోతూ దండం పెట్టేవారు. కొందరు సైకిలు దిగకుండానే పెట్టేవారు.

"గద్దె మీద తవుడు తొట్టా?" అన్నాడు చిన్నాయన. "అన్నా, దీనికన్న నన్ను బాయిల దొబ్బు."

నాయన గద్దె మీది పరుపును చేత్తో ఒకసారి దులిపాడు. "పెట్టుర్రి," అన్నాడు చివరికి. "ఎవరన్న పెద్దమనుషులొస్తే తీసెయ్యుర్రి."

పరుపు, బాలీసులు లోపలికి పోయాయి. గుర్రాన్ని వసారా ముందు నిలబెట్టారు. తొట్టి గద్దె మీదికి ఎక్కింది. గుర్రం మెడ చాచి, ముక్కుతో రాయిని ఒకసారి వాసన చూసి, రెండు బుక్కలు తిని, గడ్డం గద్దె మీద ఆనించి నిలబడింది. నాయన పక్కన చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. దండం పెడుతూ పోయేవాళ్లకు ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. కొందరు మధ్యలోకి పెట్టారు.

ఒకటి రెండు రోజులు అలా గడిచాయి. జీపు వస్తే తొట్టి తీసేవాళ్లం, పోతే పెట్టేవాళ్లం. తీసినప్పుడల్లా గుర్రం తొట్టి కోసం తల కిందికి వేసి వెతికేది. వాపు దిగినంత మళ్లీ ఎక్కేది. డాక్టరు వచ్చి అది చూశాడు. ఎడమవైపు నరం మీద వేలు పెట్టి నొక్కి, వదిలి, ఖాళీ అవడం ఆలస్యమవుతోందని చెప్పాడు.

ఆ మర్నాడు ఫ్యాక్టరీల కోసం భూములు తీసుకునే ఆఫీసరు వచ్చాడు. మిగిలిన చెలకల్లో ఏవి పోతాయో చెప్పేవాడు ఆయనే. వస్తున్నట్టు ముందే కబురొచ్చింది. నాయన సంగారెడ్డి కచేరీకి పోయి జాగీరు పత్రాలైన పాత సనదుల నకళ్లు తెచ్చుకున్నాడు, షేర్వానీ ఇస్త్రీ చేయించాడు. ఆఫీసరుకు చెప్పాల్సిన మాటలు పొద్దున నుంచీ వసారాలో అటూ ఇటూ తిరుగుతూ అనుకున్నాడు. ఆ మాటలు నాకు వినిపించాయి. అవి గద్దె మీద కూర్చుని, ఎదుటివాణ్ణి కిందికి చూస్తూ చెప్పాల్సిన మాటలు. నిలబడి చెబితే అవి విన్నపంలా వినిపిస్తాయి.

జీపు మలుపు తిరిగేసరికి గుర్రం తింటోంది. అలా ఆగకుండా తినడం ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి. తొట్టిలోంచి వచ్చే ఆ నమిలే చప్పుడు వసారా అంతా వినిపిస్తోంది.

"అన్నా, జీపొచ్చింది. తొట్టి తీపిస్త. పరుపు తెప్పిస్త," అన్నాడు చిన్నాయన. సాయీసు తొట్టి మీద చేతులు వేశాడు, కానీ ఎత్తలేదు. నాయన వైపు చూశాడు.

నాయన గుర్రం ఎడమ మెడ మీద వేలు పెట్టి నొక్కాడు. డాక్టరు చేసినట్టే. ఆయనకు ఏం తెలిసిందో నాకు తెలియదు, నరాల గురించి ఆయనకు తెలిసిందేమీ లేదు. వేలు అలాగే ఉంచి, "ఉండనీ" అన్నాడు.

"ఆఫీసర్ను ఏడ కూసుండబెడుతవ్? నువ్వేడ కూసుంటవ్?"

"ఉండనీ అంటున్న కద."

ఆఫీసరు మెట్లెక్కి వచ్చి, గద్దె మీద గడ్డం ఆనించి తింటున్న గుర్రాన్ని చూసి ఆగిపోయాడు. ఇంట్లో ఇంకెక్కడ కూర్చోవాలో మాకూ తెలియదు, ఆయనకూ తెలియలేదు. చివరికి మెట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. నాయన గుర్రం పక్కనే నిలబడ్డాడు. మాటలు మొదలుపెట్టాడు, కానీ ప్రభువుల ఫర్మానా దగ్గరికి వచ్చేసరికి గుర్రం తల తొట్టి అంచు నుంచి జారింది. ఆయన రెండు చేతులా దాని గడ్డం పట్టుకుని పైకి ఎత్తాడు. వాక్యం మధ్యలో పోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఎత్తాల్సి వచ్చింది. మూడోసారి ఆయన సనదుల సంగతి వదిలేసి, "వాపు దిగుతున్నది, సూసిర్రా?" అన్నాడు ఆఫీసరుతో.

ఆఫీసరు లేచి వచ్చి చూశాడు. దిగుతున్నట్టే ఉందన్నాడు. తర్వాత పటం విప్పి, గీత మా వాగు ఒడ్డు చెలక మీదుగా వెళుతుందని చెప్పి, సంతకం చేయించుకుని, గుర్రం మెడ తట్టబోయాడు. నాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. చెలక మీదికి గీత వచ్చినప్పుడు ఆయన అలా ఆపలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. చిన్నాయన ఆ రోజు లోపలికి పోలేదు. డాక్టరు నరం నొక్కి వదిలాడు, మళ్లీ నొక్కి వదిలాడు. నొక్కితే నిండుతోంది, వదిలితే ఖాళీ అవుతోంది. కుట్లు పొడిగా ఉన్నాయి. గాజుగొట్టంలో నెత్తురు ఈసారి తొందరపడకుండా, చాలాసేపు నీళ్లలా అటూ ఇటూ ఊగింది. బతుకుతుందండీ, అన్నాడు. ఒక నరంతోనే బతకాలి కాబట్టి ఇక దౌడు తీయించకూడదని, మెడకు ఎప్పటికీ ఏదీ వెయ్యకూడదని చెప్పాడు. ఆ తర్వాత అది చాలా ఏళ్లు బతికింది.

డాక్టరు స్కూటరు గడి దిబ్బ దిగిపోయాక కూడా గుర్రం తింటూనే ఉంది. దాని మూతికంటిన తవుడంతా నాయన షేర్వానీ భుజానికి పూసింది. ఆయన తుడుచుకోలేదు.

"రేపు పొద్దుగాల నువ్వేడ కూసుంటవే అన్నా?" అన్నాడు చిన్నాయన.

"అది తిన్నంక జాగ ఉంటే సూస్త," అన్నాడు నాయన.